రెండు చీరలు, ఆరు పొరలు, ఆరున్నర వేల కుట్లు

ఆరు గజాల చీర పొడవు 18 అడుగులు. మంచం మీద పరుచుకునే బొంత పొడవు 6 అడుగులు. కత్తెర ముట్టకుండా చీరను మూడు మడతలు వేస్తే సరిగ్గా మంచానికి సరిపోతుంది. పన్నా ఎటూ 45 అంగుళాలు ఉంటుంది కాబట్టి ఒక మనిషి పడుకోవడానికి ఇబ్బంది లేదు. ఒక చీరకు మూడు పొరలు, రెండు చీరలకు ఆరు. బొంత లెక్క ఇక్కడ మొదలవుతుంది. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు దీన్ని కాగితం మీద వేసుకోలేదు. చీర పన్నెండు మూరలు, మంచం నాలుగు మూరలు అని చేత్తో కొలిచి మడత పెట్టేసేవాళ్ళు. అడుగులూ అంగుళాలూ మనకోసం.

పెదకూరపాడు వైపు ఈ లెక్కకు ఇంకో కొస ఉంది. గుంటూరు నుంచి నడికుడి వెళ్ళే రైలు మార్గంలో ఉన్న ఈ మండల కేంద్రం, 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా గుంటూరు జిల్లాలో ఉండేది. ఇప్పుడు పల్నాడు జిల్లా. జిల్లా పేరు మారినా చేలో ఉండేది పత్తీ, మిరపే. పత్తి పండే ఊళ్ళో పత్తితో నేసిన చీర, కట్టీ కట్టీ వెలిసిపోయాక, మళ్ళీ పక్కబట్టగా మారి ఇంకొన్నేళ్ళు బతికేది. పత్తితీతలు, మిరపకోతలు ముగిసి, ఎండలు ముదిరి, మధ్యాహ్నం పూట గడప దాటే పని లేని రోజుల్లో వసారాలో బొంతలు పడేవి.

ఇప్పుడు ఎందుకు పడటం లేదంటే ఓపిక లేదని, నేర్పు పోయిందని, దుప్పట్లు చవకయ్యాయని రకరకాలుగా చెబుతారు. నేర్పు సంగతి చెప్పాలంటే, సూదిలో దారం ఎక్కించగలిగిన వాళ్ళెవరైనా ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. నాకు తోచినంతలో అసలు కొరత పాత నూలు చీరలకు వచ్చింది. పెట్టె తెరిస్తే చీరలకు లోటు లేదు, కానీ అందులో బొంతకు పనికొచ్చేవి ఎన్ని? ఆ మాట దగ్గరికి వచ్చేముందు ఒక బొంతలో ఏమేం ఉంటాయో తూచి చూద్దాం.

పత్తి ఎంత?

క్వింటా పత్తి జిన్నింగ్ మిల్లుకు తోలితే వచ్చే దూది సుమారు 33 నుంచి 35 కిలోలు. మిగతాదంతా గింజ, కొంచెం తరుగు. దూది దారమై, దారం గుడ్డయ్యేలోగా ఇంకో అయిదో వంతు దాకా పోతుందనుకుందాం. మామూలు నూలు చీర అర కిలో తూగుతుంది. రెండు చీరల బొంత అంటే కిలో గుడ్డ. వెనక్కి లెక్క కట్టుకుంటూ పోతే ఆ కిలో గుడ్డకు చేలో తీసిన పత్తి దాదాపు మూడున్నర కిలోలు. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ లెక్కన ఒక బొంతలో ఉన్న పత్తికి రైతు చేతికి వచ్చేది 284 రూపాయలు. అదీ తేమ 8 శాతం దాటకపోతే. దాటితే ధరలో కోత, 12 దాటితే సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనుగోలు కేంద్రంలో బండి వెనక్కి తిప్పుకోవడమే. ఈ తేమ శాతం గుర్తుంచుకోండి, చివర్లో ఇంకో రూపంలో మళ్ళీ తగులుతుంది.

ఎన్ని పొరలు?

వెచ్చదనం ఎక్కువగా గుడ్డకూ గుడ్డకూ మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలి వల్ల వస్తుంది. అందుకే ఒకే మందమున్న గట్టి గుడ్డ కన్నా, పలచని పొరలు నాలుగు కలిపి కుట్టింది వెచ్చగా ఉంటుంది. అయితే రెంటచింతల ఎండల గురించి రేడియోలో వినని తెలుగువాడు ఉండడు. ఆ ఊరున్న ఈ జిల్లాలో వెచ్చదనం కావలసింది మార్గశిరం, పుష్యం, మాఘంలో ఓ నెల. మిగతా పదకొండు నెలలూ బొంత ఉండేది ఒంటి మీద కాదు, వీపు కింద. నులక ఒత్తుకోకుండా, నేల చల్లదనం పైకి రాకుండా. కాబట్టి పల్నాడు బొంతకు మెత్తదనం, చెమట పీల్చడం ముఖ్యం. వెచ్చదనం ఆ తర్వాతే.

కప్పుకోవడానికి నాలుగు పొరలు చాలు. పరుచుకోవడానికీ కప్పుకోవడానికీ రెండింటికీ కావాలంటే ఆరు. మంచం మీద పరుపు లేకుండా వేసుకోవాలంటే ఎనిమిది, తొమ్మిది. అర కిలో చీరను దాని వైశాల్యంతో భాగిస్తే చదరపు మీటరుకు 80 గ్రాముల లోపు వస్తుంది. ఆరు పొరలైతే 475 గ్రాములు, తొమ్మిదైతే 700 పైన. మొత్తం బొంత బరువు మొదటిదానికి కిలో, రెండోదానికి కిలోన్నర. పది పొరలు దాటితే చేతి సూది మొరాయిస్తుంది. లాగిన ప్రతిసారీ వేళ్ళు నొప్పి పుడతాయి, కుట్లు పొడుగవుతాయి, పైకి సరిగ్గా కనిపించే కుట్టు కింది పొరను పట్టకుండా జారిపోతుంది. ఎక్కువ పొరలు వేసి తక్కువ కుట్లు కుట్టిన బొంత రెండు ఉతుకులకే ముద్దలు కట్టి కూర్చుంటుంది.

పాత గుడ్డకు ఎక్కువ పొరలు కావాలన్నది కూడా పాత నియమమే. బౌద్ధ భిక్షువుల బట్టల గురించి వినయపిటకంలోని మహావగ్గ లెక్క చెబుతుంది. కొత్త గుడ్డతో కుడితే పై వస్త్రం రెండు పొరలు ఉండాలి, వాడి నలిగిన గుడ్డతో అయితే నాలుగు పొరలు, దుమ్ములో దొరికిన పేలికలతో అయితే కావలసినన్ని. మగధ వరిమళ్ళ గట్ల వరసను చూపించి, అలాంటి అమరికలో బట్ట కుట్టించగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగాడనీ, ముక్కలు చేసి అతికిన బట్టే భిక్షువుకు తగినదనీ అక్కడే ఉంది. ముక్కలైన గుడ్డకు మారు వెల ఉండదు, దొంగ కన్ను పడదు. మహాస్తూపం ఉన్న అమరావతి పెదకూరపాడు నియోజకవర్గంలోదే. ఆ స్తూపం చుట్టూ భిక్షువులు తిరిగిన కాలానికే అతుకుల బట్టకు కొలతలూ నియమాలూ స్థిరపడి ఉన్నాయి.

పొరల వరసలోనూ ఒక తెలివి ఉంది. చీర అంతటా ఒకేలా నలగదు. కుచ్చిళ్ళు దోపే చోట, పాదాల దగ్గర అంచున, భుజం మీద పిన్ను పెట్టే చోట ముందు పోతుంది. రెండు చీరల నలిగిన చోట్లూ ఒకదాని మీద ఒకటి పడితే అక్కడ పొరలు ఆరున్నా ఉన్నట్టు కాదు. అందుకే రెండో చీరను తలకిందులుగా తిప్పి వేస్తారు. బాగా అరిగింది మధ్యలోకి, గట్టిది అడుక్కి, రంగు మిగిలింది పైకి. మడతను పాములా అటూ ఇటూ తిప్పితే పొట్టి వైపుల రెండు కొసల్లోనూ ఒక్కో చీరకు ఒక మడత అంచు వస్తుంది, అక్కడ పోగులు లేవవు.

కుట్లెన్ని?

నేల ఊడ్చి, చాప పరిచి, చాప మీద చీరలు. నాలుగు మూలలా పొత్రమో, రోకలో, బియ్యం డబ్బానో, బరువుగా ఏదో ఒకటి. ముడత లేకుండా అరచేత్తో మధ్యలోంచి అంచులకు నిమురుకుంటూ రావాలి. అంచుల నుంచి మధ్యకు నిమిరితే గాలి ముడతగా మధ్యలో చేరుతుంది, కుట్టాక దాన్ని ఎవరూ తీయలేరు. ఆ తర్వాత జానెడు ఎడంతో పెద్ద పెద్ద టాకాలు వేసుకోవాలి. పని అయ్యాక లాగేసేవే ఇవి. వీటిని వదిలేసి నేరుగా కుట్టడానికి కూర్చునేవాళ్ళ బొంత చివరికి పలకలా ఉండదు, పడవలా వంకర తిరుగుతుంది.

అసలు కుట్టు పైకీ కిందకీ పోయే సాదా కుట్టే. కుడిచెయ్యి సూదిని ముందుకు తోస్తుంటుంది. ఎడమచెయ్యి గుడ్డ కింద ఉండి, సూది మొన తగలగానే వేలితో పైకి నెడుతుంది. సూది పూర్తిగా బయటకు లాగరు. నాలుగైదు కుట్లు సూది మీదకు ఎక్కించి, అప్పుడు ఒక్కసారిగా దారం లాగుతారు. చూపుడువేలికి గుడ్డ పీలిక చుట్టుకుంటారు, లేకపోతే సాయంత్రానికి వేలి కొస జల్లెడ.

ఇప్పుడు లెక్క. బొంత 72 అంగుళాలు, 45 అంగుళాలు. కుట్టు వరసల మధ్య అంగుళం ఎడం ఉంటే 45 వరసలు. ఒక్కో వరస 72 అంగుళాలు. మొత్తం 3,240 అంగుళాలు, అంటే 270 అడుగులు, 82 మీటర్లు. కుట్టూ ఖాళీ కలిపి అర అంగుళం చొప్పున పడితే 6,480 కుట్లు. నిమిషానికి పది కుట్లు అనుకుంటే 648 నిమిషాలు, దాదాపు పదకొండు గంటలు. రోజుకు రెండు గంటలు కూర్చుంటే ఆరు మధ్యాహ్నాలు.

వరసల ఎడం అర అంగుళానికి తగ్గించారా, అన్నీ రెట్టింపే. 90 వరసలు, 165 మీటర్లు, 12,960 కుట్లు, ఇరవై రెండు గంటలు. ఇక బెంగాలు కాంథా పనిలా పావంగుళం ఎడంతో, పావంగుళం కుట్టుతో నింపితే వరసలు నాలుగింతలు, ఒక్కో వరసలో కుట్లు రెండింతలు. 51,840 కుట్లు, 86 గంటలు. దుకాణంలో ఒక చేతికుట్టు బొంత వందల్లోనూ, దాని పక్కదే వేలల్లోనూ ఎందుకుంటుందో అర్థం కావాలంటే స్కేలు తీసి వరసల ఎడం కొలిస్తే చాలు. రంగుల్ని చూసి మోసపోవద్దు.

వాడకానికి ఏది మేలు? నా ఓటు ముప్పావు అంగుళం ఎడానికి. అంగుళం దాటితే ఉతికేటప్పుడు లోపలి పొరలు కదులుతాయి. మధ్య పొర ఎక్కడైనా చిరిగినా ఆ చిరుగు పక్క వరస దాకా వెళ్ళి ఆగాలి, వరస దూరంగా ఉంటే చిరుగు పెద్దదవుతుంది. అర అంగుళానికి దిగితే బొంత గట్టిపడి అట్టలా అవుతుంది, మెత్తదనం పోతుంది. ముప్పావు అంగుళంలో 60 వరసలు, 8,640 కుట్లు, పద్నాలుగున్నర గంటలు.

దారం పొడవు మీద కూడా ఒక మాట. అంగుళం ఎడంతో కుట్టే బొంతలో కుట్టు దారి 82 మీటర్లయినా, దారం పొరల్లోకి దిగి లేస్తుంది కనుక ఒంటి పోగున సుమారు వంద మీటర్లు పడుతుంది. జంట పోగైతే రెండు వందలు. మూరెడు దారంతో కుడితే ముడికీ కొసకూ పోగా మిగిలేది 38 సెంటీమీటర్లు, అంటే 260కి పైగా సార్లు సూదిలో దారం ఎక్కించాలి. బారెడు దారమైతే 57 సార్లతో అయిపోతుంది. కానీ బారెడు దారం చిక్కుపడుతుంది, పొరల్లోంచి వందలసార్లు రాసుకుంటూ వచ్చి చివరికి నూగు తేలి తెగుతుంది. రెండు మూరలు మధ్యేమార్గం, 120 సార్లు ఎక్కించాలి. దారానికి ఒకసారి తేనెమైనం పూస్తే చిక్కులు బాగా తగ్గుతాయి. దారం నూలుదే కావాలి. గట్టిదని నైలాన్ దారం వాడితే అది పాత చీరను రంపంలా కోస్తుంది. దారం మిగులుతుంది, గుడ్డ పోతుంది.

అతుకులు

మన పల్లె బొంతల్లో అతుకు అవసరం కోసం పుట్టింది. పైపొరలో చిల్లి ఉన్నచోట ఒక రవిక ముక్క, పంచె ముక్క, లంగా కుచ్చు వేసి, నాలుగు వైపులా పావంగుళం లోపలికి మడిచి, పై నుంచి కుట్టేయడం. దాని అందం దాని ఇష్టం. ఇప్పుడు ఇళ్ళలో సరదాగా మొదలుపెట్టేవాళ్ళు మాత్రం మొత్తం పైపొరను చతురస్రాలతో చేర్చి కుట్టాలనుకుంటారు. దానికి ముందే ఒక లెక్క తెలిస్తే సగంలో వదిలేయకుండా ఉంటారు.

జాన అంటే 9 అంగుళాలు. మన బొంత పొడవు 8 జానలు, వెడల్పు 5 జానలు. జానెడు ముక్కలైతే 40 చాలు. కుట్టులోకి నాలుగు వైపులా పావంగుళం పోతుంది కనుక తొమ్మిదిన్నర అంగుళాలకు కత్తిరించాలి. అందువల్ల గుడ్డ 11 శాతం ఎక్కువ పడుతుంది. ముక్కల్ని కలిపే కుట్టు మొత్తం 50 అడుగులు. అదే నాలుగున్నర అంగుళాల ముక్కలైతే 160 కావాలి, గుడ్డ 23 శాతం ఎక్కువ, కుట్టు 110 అడుగులు. మూడంగుళాల ముక్కలకు దిగితే 360 ముక్కలు, 36 శాతం ఎక్కువ గుడ్డ, 170 అడుగుల కుట్టు. ముక్క కొలత మూడో వంతుకు తగ్గితే ముక్కలు తొమ్మిదింతలు పెరుగుతాయి. పైగా ఒక్కో ముక్క కాస్త వంకరగా కోసినా ఇరవై నాలుగు ముక్కల వరసలో ఆ తేడా పేరుకుపోతుంది. అట్టముక్క ఒకటి కొలిచి కోసి పెట్టుకుని, ప్రతి ముక్కనూ దాని చుట్టూ గీసి కత్తిరించాలి. ముందు కోసిన గుడ్డముక్కనే కొలతగా పెట్టుకుంటే ఆ తప్పు తర్వాతి ముక్కకు, దాని తప్పు ఆ తర్వాతి ముక్కకు పాకుతుంది. తొలిసారి వాళ్ళకు జానెడు ముక్కే సరి.

చతురస్రాల గొడవే వద్దనుకుంటే పొరుగు రాష్ట్రంలో ఇంకో దారి ఉంది. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఎల్లాపూర్, హళియాళ వైపు ఉండే సిద్దీలు ఆఫ్రికా మూలాల వాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు కుట్టే కవందిలో ముక్కలకు కొలత లేదు. అడుగున ఒక చీర పరిచి, మూల దగ్గర మొదలుపెట్టి, దొరికిన ముక్కను దొరికినట్టు అంచు మడిచి కుట్టుకుంటూ చుట్టూ తిరిగి మధ్యకు చేరతారు. ముక్కలు అతకడం, పొరలు కలపడం రెండూ ఒకే కుట్టుతో అయిపోతాయి. చివరికి నాలుగు మూలలా మడత వేసిన చిన్న ముక్కలు పెడతారు, వాటిని పూలంటారు. అవి పెట్టకపోతే కవంది పూర్తయినట్టు కాదు. లెక్కల ప్రకారం చూస్తే తెలివైన పద్ధతి ఇదే. 170 అడుగుల అతుకు కుట్టు పూర్తిగా మిగులుతుంది.

అంచు

బొంత ముందు చిరిగేది అంచు దగ్గరే. మధ్యలో ఎన్ని వేల కుట్లున్నా అంచు విప్పుకుంటే పొరలు పుస్తకంలా తెరుచుకుంటాయి. 72, 45 అంగుళాల బొంత చుట్టుకొలత 234 అంగుళాలు. చీర అంచు పొడవు 216. సరిగ్గా ఒక మూర తక్కువ! మూలలు తిప్పడానికి, కొస మీద కొస వేయడానికి ఇంకో జాన కలుపుకుంటే 243 కావాలి. చీరకు రెండు అంచులుంటాయి కనుక రెండోదాంట్లోంచి మూరన్నర తీస్తే సరిపోతుంది. అంచు కోసం మూడో పాత చీర ఒకటి కావాలి, దాని ఒళ్ళు చిల్లులు పడినా ఫరవాలేదు. అంచు నేత ఎప్పుడూ చీర నేత కన్నా గట్టిగా ఉంటుంది. మంగళగిరి చీరల నిజాం అంచు దీనికి బాగుంటుంది కానీ జరీ మెడకు గీరుతుంది, తలవైపు వేయకండి.

పంచె ఉన్న ఇళ్ళలో అసలు అంచు కోయాల్సిన పనే తక్కువ. ఎనిమిది మూరల పంచె 12 అడుగులు, రెండు మడతలు వేస్తే ఆరడుగులు. పన్నా 50 అంగుళాలు. దాన్ని అడుగున వేస్తే చీర పన్నా 45 పోగా రెండు పక్కలా రెండున్నర అంగుళాల చొప్పున మిగులుతుంది. ఆ మిగులును పైకి మడిచి, కొస లోపలికి తోసి కుట్టేస్తే పొడుగు వైపుల అంచులు రెండూ అయిపోయాయి. పొరలు కూడా ఆరు నుంచి ఎనిమిదికి చేరాయి. మిగిలేవి పొట్టి వైపులు, రెండు కలిపి 90 అంగుళాలు. దానికి చీర అంచులో సగం కూడా పట్టదు.

అంచు కుట్టు మాత్రం అర అంగుళం కుట్టు కాదు. అంగుళానికి నాలుగైదు పడాలి, మూలల్లో రెండుసార్లు తిప్పాలి. ముడి ఎప్పుడూ పొరల లోపలికి పోవాలి. పైన ముడి కనిపించిందంటే అది ఉతుకురాయికి తగిలి మొదట తెగేది.

ఏ చీర?

గాలిలో ఉన్న తేమను నూలు తన బరువులో 8.5 శాతం దాకా పట్టుకుంటుంది. ఇది జౌళి వ్యాపారంలో బరువు కట్టడానికి వాడే ప్రామాణిక అంకె. పాలిస్టర్ పట్టుకునేది 0.4 శాతం. ఇరవై రెట్ల తేడా. సీసీఐ కేంద్రంలో రైతును ఏడిపించే తేమ గుణమే రాత్రి నిద్రలో చెమట పీల్చి మనల్ని కాపాడే గుణం కూడా. పాలిస్టర్ చీరలు ఆరు కలిపి కుట్టినా చెమట పీల్చదు, వీపు కింద ఉడుకుతుంది, పొరలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. నిప్పురవ్వ పడితే నూలు కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఒక్కో చీర ఏదో తెలియకపోతే అంచున రెండు పోగులు లాగి, ఇనప గరిటె మీద పెట్టి వెలిగించండి. కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద రాలితే నూలు. కుంచించుకుపోయి గట్టి పూసలా మిగిలితే అది బొంతకు పనికిరాదు. రెండూ కలిపి నేసిన గుడ్డలైతే రెండు గుణాలూ కనిపిస్తాయి. వాటిని మధ్య పొరలోకి తోయాలన్న ఆశ పుడుతుంది కానీ, పొరల్లో ఒకటి చెమట ఆపేస్తే దాని కింద ఎన్ని నూలు పొరలున్నా వృథా.

నలభై అయిదేళ్ళ కిందట ఏ ఇంటి దండెం మీద చూసినా నూలు చీరలే. ఇవాళ రోజూ కట్టేది ఇస్త్రీ అక్కర్లేని చీర, నైటీ, పంజాబీ డ్రెస్సు. వాటిలో నూలు ఉన్నవి వెతుక్కోవాలి. నూలు నైటీలు నిజానికి మంచి సరుకే, గుడ్డ మెత్తబడి ఉంటుంది. కాకపోతే విప్పితే ముక్కలే వస్తాయి, మూడు మడతల సుఖం ఉండదు. పంచెలు, లుంగీలు, పాత దుప్పట్లు, మగవాళ్ళ నూలు చొక్కాల వీపు భాగాలు ఇవన్నీ లెక్కలోకి తెచ్చుకుంటే కానీ ఒక బొంతకు ఆరు పొరలు నిండవు.

కొత్త గుడ్డ కొని కుడితే కాదా అంటే, కుట్టొచ్చు, కానీ ముందు రెండుసార్లు ఉతికి ఆరబెట్టాలి. కొత్త నూలు గుడ్డ ఉతికితే మూడు నుంచి అయిదు శాతం కుంచించుకుపోవచ్చు. అయిదు శాతమంటే 72 అంగుళాల్లో మూడున్నర అంగుళాల పైమాటే. పాత చీర కుంచించుకోదు, దాని పక్కన కొత్తది కుంచించుకుంటుంది, మొదటి ఉతుకుకే బొంత మొహం ముడతలు పడుతుంది. అయినా కొత్త గుడ్డతో బొంత కుట్టడం నాకు రుచించదు. అరిగిన చీర మెత్తదనం కొత్త గుడ్డకు కొన్నేళ్ళ దాకా రాదు.

కూలి కడితే

ఎవరూ బొంతకు కూలి కట్టరు. కట్టి చూద్దాం. 2025-26కు ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఎనిమిది గంటల రోజైతే గంటకు 38 రూపాయలు. అంగుళం ఎడం బొంతకు పదకొండు గంటల లోపు, 414 రూపాయలు. అర అంగుళానికి 829. పావంగుళం కుట్టుకు 3,300 దాటుతుంది. ఇందులో గుడ్డ ధర లేదు, దారం లేదు, టాకాలు, అంచు, అతుకులు లేవు. అవి కూడా కలిపితే మామూలు బొంతే ఏడెనిమిది వందలకు తగ్గదు. సంతలో పాలిస్టర్ దుప్పటి దీనికన్నా చవకగా వస్తుంది. డబ్బు లెక్కలో బొంత ఓడిపోతుంది, దాచాల్సిన పని లేదు. బిహారు సుజనికీ, బెంగాలు నక్షీ కాంథాకూ భౌగోళిక గుర్తింపు దక్కింది, మన బొంతకు అలాంటి హోదా ఏదీ లేదు. మన అల్మరాలోనూ దానికి కింది అరే.

పత్తి పండించిన ఊళ్ళ బొంతలకు గుర్తింపు రావడం అసాధ్యమేమీ కాదు. అమెరికాలో అలబామా నది వంపులో జీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. పత్తి తోటల్లో బానిసలుగా పనిచేసినవాళ్ళ వారసులు ఉండే ఊరు. అక్కడి ఆడవాళ్ళు మోకాళ్ళు అరిగిన పని ప్యాంట్లు, చిరిగిన గౌన్లు అతికి, చలికి కప్పుకోవడానికి బొంతలు కుట్టుకున్నారు. పౌరహక్కుల ఉద్యమం నడుస్తున్న 1966లో ఆ ప్రాంతపు ఆడవాళ్ళు ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ పేరుతో సహకార సంఘం పెట్టి వాటిని అమ్మడం మొదలుపెట్టారు. 2002లో ఆ ఊరి బొంతలు హ్యూస్టన్ మ్యూజియంలో, ఆ తర్వాత న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. 2006లో వాటిలో పదింటి బొమ్మలతో అమెరికా తపాలా శాఖ స్టాంపులు వేసింది. అక్కడా ముడిసరుకు చిరిగిన బట్టే, కుట్టు సాదా కుట్టే.

ఉతుకు

కిలో బొంత నీళ్ళలో నానితే, పిండకముందు రెండు మూడు కిలోలు దాటుతుంది. బావి దగ్గరో, సాగర్ కాలువ గట్టునో ఇద్దరు చెరో కొస పట్టుకుని మెలిపెట్టేవాళ్ళు. అలా మెలిపెట్టడం వల్లే కుట్లు తెగుతాయి. మడిచి, కాలితో తొక్కి నీళ్ళు కార్చేస్తే మేలు. మిషన్లో వేయొచ్చు కానీ ఆరు పొరలు దాటితే తిరిగేటప్పుడు ఒక పక్కకు ముద్దగా చేరి మిషన్ ఊగుతుంది. ఒక్క తీగ మీద వేలాడదీస్తే తడి బరువంతా ఒకే గీత మీద పడి పొరలు సాగుతాయి, రెండు దండేల మీద పరిచినట్టు వేయాలి. లోపలి పొర పూర్తిగా ఆరకపోతే ముక్క వాసన పడుతుంది. ఎండకాలంలో మన దగ్గర ఆ భయం లేదు. వానాకాలంలో ఉతకకండి.

మొదలుపెట్టేవాళ్ళకు

పెద్ద బొంత జోలికి వెళ్ళకుండా పసిపిల్లల బొంతతో మొదలుపెట్టండి. రెండు మూరల పొడవు, రెండున్నర జానల వెడల్పు, అంటే 36 అంగుళాలు, 22న్నర అంగుళాలు. ఒక నూలు చీరను పొడవున ఆరు, వెడల్పున రెండు భాగాలు చేస్తే ఈ కొలత ముక్కలు 12 వస్తాయి. నాలుగు పొరల చొప్పున మూడు బొంతలు. ఒక్కోదానికి అంగుళం ఎడంతో 22 వరసలు, 20 మీటర్ల కుట్టు, 1,600 లోపు కుట్లు. రెండున్నర, మూడు గంటల పని. అద్దాలు, పూసలు, గుండీలు, వేలాడే కుచ్చులు పెట్టకండి, చంటిపిల్లల నోట్లోకి వెళ్తాయి. ముడులన్నీ లోపలికే తోయండి.

ఇంట్లో అమ్మమ్మలో నానమ్మలో ఉంటే వాళ్ళ పెట్టెలో నూలు చీరలు ఎన్ని మిగిలాయో ఈ వారమే అడగండి. స్టీలు గిన్నెల వాడికి ఇచ్చేయకముందే.